నాలుగు బెడ్లు

గట్టు మీద మోపెడ్ ఆపి, చెప్పులు విడిచి మరీ చేనులోకి వచ్చాడు ఆ ముసలాయన.

కురుమయ్యా, అతని భార్య రుక్కమ్మా అప్పటికి నాలుగు రోజులుగా వంచిన నడుము ఎత్తలేదు. మట్టిలోంచి నల్లటి ప్లాస్టిక్ ముక్కలు ఏరుతున్నారు. ఏరినకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"ఎవరు సాబ్? ఏం కావాలె?" అన్నాడు కురుమయ్య.

"నా పేరు మజీద్. కొత్తకోటల లారీ షెడ్ల ఎనక ఉంట. మిర్చి ఏస్తున్నరట గద?"

"ఏస్తం గని, ముందుగాల ఈ పీడ పోవాలె," అంది రుక్కమ్మ. "మాకంటె ముందు కౌలు చేసినోడెవడో మహానుభావుడు, యాడాదికోసారి కలుపు మొలవకుండ మల్చింగు కవర్ పరిచిండు, పంటైనంక మట్టిలనే కలిపి దున్నిండు. వాని పాపం మేం మోస్తున్నం."

ముసలాయన వంగి ఒక ముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

ఆ జంట గద్వాల వైపు నకిలీ విత్తనాలతో నిండా మునిగి, ఆ ఏడే కోడేరు శివారుకు వచ్చింది. చేను వనపర్తిలో ఉండే భాస్కర్ సారుది. మూడేళ్లు బీడు పెట్టి, చివరికి ఒక షరతు మీద కౌలుకిచ్చాడు. ఉగాది నాటికి మట్టిలో ప్లాస్టిక్ కనపడకూడదు. కనపడితే కౌలు లేదు.

కవర్ పరవకుండా మిరప వేస్తే కలుపు తీయడానికి కూలీలు దొరకరు. పరిస్తే ఇదిగో, ఇదీ బతుకు.

"ఇది మక్కజొన్న పిండితోటి చేసిన షీటు బేటా," అన్నాడు మజీద్, మోపెడ్ మీది చుట్టలు చూపిస్తూ. "పంటైనంక మట్టిల కలిసిపోతది. గుంజే పని లేదు, ఏరే పని లేదు. పైసలొద్దు. మిరప నారు నాటే మట్టి బెడ్లల నాలుగింటికి పరిచి చూడు."

ఊరికే వస్తోంది కదా అని కురుమయ్య కాదనలేదు.

నాలుగు బెడ్లకూ ముసలాయనే మోకాళ్ల మీద పాకుతూ పరిచాడు. మిగిలిన ముప్పై రెండింటికీ కురుమయ్య బజారు కవరే వేశాడు.

తర్వాత ముసలాయన వారానికోసారి వచ్చేవాడు. ఆ నాలుగు బెడ్లూ చూసేవాడు, పోయేవాడు. నీళ్లిచ్చినా తాగేవాడు కాదు.

నాలుగు నెలలు తిరిగేసరికి ఆ షీటు నెర్రెలిచ్చింది. సందుల్లోంచి గడ్డి తొంగిచూసింది. పక్క బెడ్ల కవరేమో కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

"కవర్ అంటే ఏండ్లు ఉండాలె. నాలుగు నెలలకే పీలికలైతే గది కవరా?" అన్నాడు కురుమయ్య. "మళ్ల నకిలీ మాలే తగిలింది మనకు."

పాపం, అతని తప్పు కూడా కాదు. దెబ్బ అలా తగిలింది.

ఆ వారం మజీద్ రాగానే ఎదురెళ్లాడు.

"కంపెనీవోళ్లు ఎంతిచ్చిండ్రు నీకు? మా అసుంటోళ్ల మీద నకిలీ మాల్ రుద్దుడేనా నీ పని?"

"జర ఆగు బేటా. గది పాడైతలేదు, కరుగుతున్నది. నువ్వు దున్నేనాటికి..."

"నాకు చెప్పకు! మళ్ల గట్టెక్కినవంటే మంచిగుండదు!"

మోపెడ్‌కు తగిలించిన సంచీ గుంజి బాట మీదికి విసిరాడు. గుడ్డలో చుట్టిన జొన్నరొట్టె దుమ్ములో పడింది.

ముసలాయన రొట్టె దులిపి, మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇక రాలేదు.

మిరప అయిపోయింది. కవర్ గుంజడం మొదలైంది. ఎండకు పెళుసెక్కి, పిడికెడు చేతికొస్తే పిడికెడు మట్టిలో ఉండిపోయేది. పదకొండు రోజులు గుంజారు.

"నాతోని కాదు ఇగ," అని రుక్కమ్మ గట్టు మీద కూలబడింది.

ఆ నాలుగు బెడ్లలో మాత్రం గుంజడానికి ఏమీ మిగల్లేదు.

ఉగాదికి వారం ముందు భాస్కర్ సారు వచ్చాడు. నడిచిన ప్రతిచోటా కాలితో మట్టి కదిపాడు, ప్రతిచోటా నల్ల ముక్కలే. మొహం మాడ్చుకున్నాడు. నాలుగు బెడ్ల దగ్గర ఆగి, కూర్చుని, చేత్తో తవ్వి చూశాడు.

"ఇక్కడేం చేసినవ్?"

"కొత్తకోట ముసలాయన ఒకరు ఏదో షీటిచ్చిండు సారూ. మక్కపిండిదట."

"వచ్చే పంటకు చేనంతా గదే వేస్తానంటే అయిదేండ్లు కౌలు రాసిస్త. షీటు తెచ్చి చూపించు. లేదంటే ఉగాదికి ఖాళీ చెయ్యి."

మర్నాడు మొదటి బస్సుకే కురుమయ్య కొత్తకోటలో దిగాడు. లారీ షెడ్ల వెనక ఇల్లు అడుగుతూ పోయి ఒక తలుపు తట్టాడు. మజీద్ భార్య సకీనాబీ తీసింది.

"చాచా ఉన్నడా?"

"ఇరవై రోజులైంది బేటా, పోయి. కూసున్న మనిషి కూసున్నట్టే పోయిండు."

కురుమయ్య అక్కడే గడప మీద కూర్చున్నాడు.

"కురుమయ్యవేనా?" అందామె.

లోపల గోడవారగా షీటు చుట్టలు పేర్చి ఉన్నాయి.

"ఏడేడనో తిరిగి, అడిగిన కాడల్లా బతిమాలి తెచ్చిండు. కురుమయ్య ఎన్నటికైనా వస్తడు, అన్నీ ఇయ్యి అన్నడు."

సిగ్గుతో అతనికి తల పైకి లేవలేదు.

"అన్ని మాటలన్న గద చాచీ. సంచీ గుంజి పారేసిన. అయినా నా కోసం ఎందుకు తెచ్చిండు?"

సకీనాబీ కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"నీ కోసం గాదు బేటా, ఆ చేను కోసం. నీ కంటె ముందు తొమ్మిదేండ్లు దాన్ని కౌలు చేసి, ఆ కవరంతా మట్టిల కలిపింది మా ఆయననే."