చూసుకుంటుంది

"ఆ ఒక్క మాటా మార్చండి కెజియా గారూ. ఇంకా పన్నెండు నిమిషాలే ఉన్నాయి," అన్నాడు ఫోన్లో హర్షవర్ధన్.

తాడేపల్లిగూడెం నుంచి మాట్లాడుతున్నాడతను. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకునే సాఫ్ట్‌వేర్ల జాబితా ఒకటుంది. అందులో చేరే కొత్త ప్యాకేజీలకు తెలుగు వివరణలు సరిచూడటం అతని పని. జీతం లేని పని. గడువు విదేశపు గడియారంలో అర్ధరాత్రి. అంటే కెజియా ఉండే కైకలూరులో తెల్లవారి ఐదున్నర. తప్పితే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి.

కెజియా తెరకేసి చూసింది. తన ప్రోగ్రాంకి తను రాసిన వివరణే.

'చేపల చెరువులో ఆక్సిజన్‌ని చూసుకుంటుంది. తగ్గితే ఫోన్ మోగిస్తుంది.'

"ఇందులో తెలియనిదేముందండీ?"

"చూస్తుందా, చూసుకుంటుందా?"

"రెండూ ఒకటేగా అండీ."

"పిల్లాణ్ణి చూడమంటే చూస్తారు. చూసుకోమంటే అన్నం కూడా పెడతారు. మీది నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు కూడా వేస్తుందా?"

"వేయదండీ. మోగితే మనిషి వెళ్ళి వేసుకోవాలి."

"మరి ఆ ముక్క రాయరేం?"

"ఎనభై అక్షరాలు దాటకూడదన్నది మీరేగా! మా వైపు ఎవరినడిగినా చెబుతారు. మీ గూడెంలో చెరువుల్లేక మీకు తెలీదు గానీ."

అన్నదే గానీ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. నాలుగు నెలల పని. నిరుడు ఇలాగే మబ్బు పట్టిన ఓ తెల్లవారుజామున, నీళ్ళలో గాలి చాలక చెరువులో చేపంతా చచ్చి తేలింది. అప్పట్నుంచి నాన్న యోబు రాత్రిళ్ళు గట్టుమీదే ఉండేవాడు. ఆయన కోసమే ఇదంతా రాసింది. నిన్న సాయంత్రం చెరువులో సెన్సార్ దించి, ఆయన ఫోన్లో ప్రోగ్రాం పెట్టింది. ఏడాది తర్వాత రాత్రి ఆయన ఇంట్లో మంచమ్మీద పడుకున్నాడు.

యోబు తువ్వాలు భుజాన వేసుకుని గదిలోకి వచ్చాడు. "ఏంటమ్మా, తెల్లారకుండానే తగువు?"

"నాన్నా, ఇలా రా. ఇది చదివితే నీకు అర్థమైందా, లేదా?"

ఆయన వంగి, వేలు పెట్టి చదివాడు. "నిన్న చదివేగా పెట్టించుకున్నాను. అర్థం కాకపోవడానికేముంది? పిల్లలకైనా తెలుస్తుంది."

"విన్నారా అండీ?" అంది కెజియా ఫోన్లో. "చెరువున్న మనిషికి అర్థమైంది. మీకే కాలేదు."

హర్షవర్ధన్ పట్టు వదిలేశాడు.

"చెరువున్నాయనే అంటుంటే నేనెవర్నండీ. పంపేయండి."

ఐదూ ఇరవై ఎనిమిది. కెజియా మీట నొక్కింది. తెరమీద చక్రం తిరిగింది, తిరిగింది. 'స్వీకరించాం' అని పడింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"హాయిగా నిద్ర పట్టిందా నాన్నా?"

"మధ్యలో ఒక్కసారే లేచానమ్మా," అన్నాడు యోబు తృప్తిగా. "నాలుగింటికి ఫోన్ మోగింది, అదే చూసుకుంటోంది కదాని కట్టేసి పడుకున్నాను."