కోదండపాణి డాక్టరు శిష్యుడు

ముప్పై ఏళ్లు జనం వెన్నుపూసలు బిగించిన కోదండపాణి డాక్టరు, చివరికి తన నడుమే పట్టేసి, తను ఆపరేషన్లు చేసిన బల్ల మీదే బోర్లా పడుకున్నాడు. ఇప్పుడు కత్తి పట్టే మనుషులెక్కడున్నారు? అన్నీ యంత్రాలే. కాకపోతే కోసే ముందు యంత్రం తన చదువేమిటో రోగికి చెప్పుకోవాలని రూలు.

"ఎక్కడ నేర్చుకున్నావోయ్?" అన్నాడు దర్జాగా.

"మీ దగ్గరే సార్. మీ ఆపరేషన్ల వీడియోలు చూసి."

"అన్నీ చూశావా?"

"ఒక్కటీ వదల్లేదు సార్."

క్లబ్బులో పేకాటకి టైమైపోతోందని హడావుడిగా ముగించిన కేసులన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి.

"ఎస్తేరమ్మా, వేరే యంత్రం లేదా?"

ఆయన దగ్గరే ముసలిదైన నర్సు ఎస్తేరు మాస్కు చాటున నవ్వుకుంది. "ఊరంతా ఇవే సార్. అన్నిటికీ మీరే గురువు."

"నాది కాస్త జాగ్రత్తగా చెయ్యి నాయనా!"

"అందరికీ చేసినట్టే చేస్తాను సార్."

మత్తు నడుముకే ఇచ్చారు గనక చెవులు బాగానే పనిచేస్తున్నాయి. యంత్రం ఆఖరి స్క్రూ దగ్గర ఆగింది. గోడ గడియారం వైపు చూసింది. అచ్చం ఆయన గొంతే పెట్టి అంది:

"చాల్లే సిస్టర్, కుట్టెయ్. ఎలాగోలా నడుస్తాడు."