తిరగాల్సిన చోటు

"ఒక్క బంతి కూడా కింద పడకూడదు ప్రూ. ఒక్కటంటే ఒక్కటి కూడా," అన్నాడు వెస్లీ, కుడిచేతి బొటనవేలికి చుట్టుకున్న పట్టీ విప్పి చెత్తబుట్టలో పారేస్తూ.

ఓరెల్ ప్రూయెట్ ఆ వేలి వంక చూశాడు. వంకాయ రంగు తిరిగి ఉబ్బి ఉంది. మొన్న ట్రక్కు తలుపులో పడి నలిగింది. ఆ సంగతి వీళ్లిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

"దీంతోనే విసురుతావా? కోచ్‌కి చెప్పెయ్యరా."

"చెప్పి? గోడ అవతల ఉన్న పెద్ద జట్ల స్కౌట్లంతా నా ఆట చూడ్డానికి విమానాలెక్కి వచ్చారు. వేలు నొప్పిగా ఉంది, వచ్చే నెల రండి అనమంటావా? అప్పటికి డ్రాఫ్టే అయిపోతుంది."

అది నిజమేనని ఓరెల్‌కి తెలుసు. పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వరసగా ఎంచుకునే ఆ డ్రాఫ్ట్‌లో ఏదో ఒక జట్టు వెస్లీని తీసుకుంటుంది. ఎంత ముందు తీసుకుంటుందన్నదే ప్రశ్న. తనను అసలు ఎవరైనా తీసుకుంటారా అన్నది తన ప్రశ్న. పొద్దున నలభై గజాల పరుగులో తను గీత దాటినప్పుడు, గడియారాలు పట్టుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాళ్ల కథ అక్కడే ముగిసింది. ఇక మిగిలినవి చేతులు.

"నన్ను గట్టెక్కించు. నీ సంగతి నేను చూసుకుంటా," అన్నాడు వెస్లీ. "ఎవరితో ఆడాలనుందని ఎలాగూ అడుగుతారు. నీ పేరే చెప్తా. ఒట్టు."

"ఆ వేలి మీద ఒట్టెయ్యి."

"అది ఆల్రెడీ చచ్చిపోయిందిరా."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఓరెల్ పళ్లు బిగించాడు. పడనివ్వను, అనుకున్నాడు.

రేకుల కప్పు మీద వాన చప్పుడు చేస్తోంది. లోపల పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచిన మైదానం. స్కౌట్లు పక్కగీత పొడవునా బారులు తీరి నిలబడ్డారు. ఏ బంతికి ఓరెల్ ఏ దారిన పరిగెత్తాలో, ఎన్ని గజాల దగ్గర తిరగాలో కోచ్ మైకులో ముందే చెబుతాడు. వెస్లీ ఆ చోటికి విసరాలి. ఓరెల్ అక్కడికి చేరి పట్టాలి.

"పదిహేను గజాలు, లోపలికి!"

ఒళ్లు వేడెక్కించుకునేటప్పుడే ఓరెల్ కనిపెట్టాడు. బంతి చేతిలోంచి బాగానే బయల్దేరుతోంది, చేరాల్సిన చోటికి కాస్త ఇవతలే ప్రాణం పోయినట్టు వాలిపోతోంది. పదిహేను దాకా వెళితే అది తన వెనక నేల మీద పడుతుంది. అందుకే పదమూడులోనే గిరుక్కున తిరిగాడు. బంతి నేరుగా వచ్చి గుండెల మీద ఒదిగింది.

"అబ్బ! ఏం విసిరాడ్రా!" అన్నారెవరో.

తర్వాతి బంతికీ అంతే. ఆ తర్వాతి దానికీ అంతే. వెస్లీ మోచెయ్యి లేచే తీరును బట్టి అది ఎక్కడ వాలుతుందో ఓరెల్ ఒంటికి తెలిసిపోతోంది. ఆలోచన కన్నా ముందు కాలు తిరుగుతోంది. చూసేవాళ్లకు మాత్రం అది తేలికైన పట్టు. ఎవరైనా పట్టగలిగే పట్టు. తను ఎంత బాగా పడితే తను అంతగా కనబడకుండా పోతున్నాడు. తన చేతుల సత్తా తెలియాలంటే బంతి గురి తప్పిందని తెలియాలి.

"ఆఖరిది! దూరం బంతి, మూలకి!"

ఓరెల్ పరుగెత్తాడు. కోచ్ చెప్పిన చోటికే పో, అని లోపల ఎవరో అన్నారు. నీ దారిన నువ్వు పో. వెనక్కి తిరిగి గాల్లోకి దూకి, ఒంటిచేత్తో అందుకో. అందరూ నిన్నే చూస్తారు. బంతి ఎంత తప్పుగా వచ్చిందో కూడా చూస్తారు.

మాటంటే మాటే, అనుకుని ముందే మలుపు తీసుకున్నాడు. బంతి మెత్తగా దోసిట్లో పడింది. చప్పట్లు మోగాయి. అందరి కళ్లూ వెస్లీ మీదే ఉన్నాయి.

ఒక్కటి కూడా కింద పడలేదు.

బూడిదరంగు టోపీ పెట్టుకున్న ముసలి స్కౌట్ ఒకడు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వాళ్లిద్దరి దగ్గరికి వచ్చాడు. ఆగింది ఓరెల్ ముందు.

"నీ చేతులకి వంక పెట్టను నాయనా. జిగురేమైనా పూసుకున్నావా అని అనుమానమొచ్చింది. కానీ మీ కోచ్ పదిహేను అంటే పదమూడులోనే తిరుగుతావేం? ఒకసారైతే పొరపాటనుకోవచ్చు. ప్రతిసారీనా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఓరెల్ వెస్లీ వంక చూశాడు. వెస్లీ కుడిచెయ్యి జేబులో ఉంది. ఆ మాట చెప్పాల్సింది వాడు, తను కాదు.

"చెప్పిన చోట తిరగనివాడితో మాకు పని లేదు," అన్నాడు స్కౌట్ తొక్క ఉమ్మేస్తూ.

"వాణ్ణేమీ అనకండి సార్, నేను చెప్తా." వెస్లీ ముందుకొచ్చి ఓరెల్ భుజం మీద ఎడమచెయ్యి వేశాడు.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఓరెల్ బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"నాకు ఆడాలని ఉన్నది వీడితోనే," అన్నాడు వెస్లీ. ఆ గొంతులో తొట్రుపాటు లేదు. తను చెప్పేది తనే మనసారా నమ్ముతున్నవాడి గొంతు అది. "నాలుగేళ్ల నుంచీ వీడు ఎక్కడ తప్పు తిరిగితే అక్కడికే బంతి వెయ్యడం నాకు అలవాటైపోయింది సార్."