తాబేలు హాజరు

జూన్ పదకొండు, గురువారం. పొద్దుటి నుంచీ ముసురు. ముసురంటే నాకు పకోడీలు గుర్తొస్తాయి గాని, అది వేరే సంగతి.

చెరువుకి ముసలి తాబేలు కాపలాదారు. ఇకమీదట ఫోనుకి మొహం చూపించి హాజరు వేయాలనీ, మూడు రోజులు పడకపోతే ఉద్యోగం ఊడుతుందనీ ఉత్తర్వు వచ్చింది. అది మూడో రోజు.

సాయానికొచ్చిన ఉడత ఫోను ఎత్తగానే తాబేలు తల డిప్పలోకి లాక్కునేది. "ఎవరూ లేరు" అనేది ఫోను.

"అది కరవదు తాతా!" అని ఉడత బతిమాలింది.

"బెదిరితే తల లాక్కోవడం మా వంశాచారమమ్మా."

ఒడ్డున పీత నవ్వింది. "ముసలాయన పని అయిపోయింది. రేపటి నుంచి కాపలా నాదే!"

"ఎవడ్రా నీకు రాసిచ్చింది?" అంటూ తాబేలు మెడంతా బయటికి చాచింది. ఉడత చటుక్కున ఫోను చూపించింది. హాజరు పడింది.

నాలుగేళ్ళకి తాబేలు పోతూ ఉద్యోగం ఉడతకీ, తను ఎండ కాగే బండని పొరుగునుండే కప్పకీ ఇచ్చింది. ఆ ఒక్కరోజు నోరు మూసుకోలేని పీతకి ఏమీ రాలేదు.