బోటుకి బొట్టు

"సవగ్గా ఇత్తే అనుమానం, పిరియంగా సెప్తే ఏడుపు. మీ ఆవిడికి ఏటి కావాలో నువ్వే కనుక్కోరా త్రినాథూ," అన్నాడు బంగారయ్య, బోటు అంచు మీద చెయ్యి వేసి.

త్రినాథ్ నవ్వాడు గానీ చూపు బోటు మీదనుంచి తిప్పలేదు. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డున, ఇసకలో ఓ పక్కకి ఒరిగి పడుకున్న ఆ ఇంజిను బోటు కొత్త నీలం రంగులో ఏటికొప్పాక లక్కబొమ్మలా మెరుస్తోంది. ఇన్నాళ్లూ పరాయి బోట్లలో వలలు లాగినవాడు. ఇది తనదవుతుందంటే అతనికి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

లావణ్య చంకలో పిల్లని సర్దుకుని, వంగి బోటు అడుగు తడిమింది. ఒకచోట అరచెయ్యంత మేర రంగు కింద గరుగ్గా, ఉబ్బెత్తుగా తగిలింది. పక్కు కట్టిన దెబ్బలా ఉంది.

"ఇదేటి బాబాయ్?"

"రాయి తగిలితే అతుకెయ్యించేం. అతుకేసిన కాడే గట్టిగుంటాది. నీకు తెల్దులే."

"ఇంత మంచి బోటయితే మీ తమ్ముడెందుకు అమ్మేత్తన్నాడు?"

"ఆడు సేపలేట మానేసేడమ్మా. ఏటే మానేసినోడికి బోటేటికి?"

లావణ్య మొగుడి దగ్గరకి జరిగింది. "సగం రేటుకే ఇచ్చేత్తన్నారు. నాకు గుబులుగా ఉంది బావా."

"పిల్ల తుమ్మితే గుబులు, తుమ్మకపోతే గుబులు. నీకెప్పుడు లేదు?" అన్నాడు త్రినాథ్. తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "నువ్వు వద్దంటే ఎళ్లిపోదాం. సరేనంటే ఓ సుట్టు తిప్పి సూత్తాను. నీ ఇట్టం."

అంతలో పాక నీడలోంచి బంగారయ్య మరదలు వచ్చింది. ఈ బోటు వాళ్లదే. వయసు ఎంతో లేదు. వెలిసిన చీర, బోసి చేతులు, నుదుట బొట్టు లేదు. చల్లటి నీళ్ల గ్లాసు లావణ్య చేతికిచ్చి, పిల్ల అరికాలు ఒక వేలితో నిమిరింది. ఒడ్డునే ఉన్న చర్చి మైకులోంచి ఆదివారం పాట గాలిలో తేలి వస్తోంది.

అచ్చం మా స్వర్ణకుమారి వదినలాగే ఉంది, అనుకుంది లావణ్య. పక్కింటి స్వర్ణకుమారీ అంతే, చర్చికెళ్తుంది, బొట్టు పెట్టదు, గాజులు వెయ్యదు, అబద్ధం ఆడదు. అప్పు తీసుకున్న గ్లాసుడు పంచదార మర్నాడే తెచ్చి ఇస్తుంది. గుండెల్లో ముడి కాస్త వదులైంది. ప్రార్థన చేసుకునే వాళ్లు మోసం చెయ్యరు.

"సరే బావా. ఓ సుట్టు తిప్పుకురా," అంది.

కొంగు ముడిలోంచి కుంకం భరిణె తీసింది. "బోటుకి ముందు నువ్వెట్టక్కా. పాతింటావిడ ఎట్టేకే కొత్తావిడ ఎట్టాల. మా ఊళ్లో అలాగే."

ఆవిడ చెయ్యి భరిణె దాకా వచ్చి ఆగిపోయింది. బంగారయ్య వైపు చూసింది. బంగారయ్య సముద్రం వైపు చూశాడు.

లావణ్య నాలిక కరుచుకుంది. "మర్సిపోయేనక్కా, మీకివన్నీ ఉండవు కదా. మా వదినయితే పెసాదం కూడా ముట్టదు. ఏటనుకోకు."

"అదే, అదే," అన్నాడు బంగారయ్య గబుక్కున. "మీరొత్తన్నారని పాపం చర్చి కూడా మానేసింది."

ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

లావణ్యే బోటు ముక్కుకి బొట్టు పెట్టింది. నీలం మీద ఎర్రగా ఎంత ముద్దొచ్చిందో. నలుగురు చెయ్యేసి నీళ్లలోకి తోశారు.

"నువ్వు ఎక్కవేటి బాబాయ్?"

"నాకు సుగరమ్మా. కళ్లు తిరుగుతాయి," అంటూ బంగారయ్య ఫోను చెవికి ఆనించుకుని ఊళ్లోకి నడిచాడు.

ఇంజిను రెండుసార్లు దగ్గి, అందుకుంది. త్రినాథ్ చెయ్యి ఊపాడు. ఆడవాళ్లిద్దరూ ఇసకలో పక్కపక్కన కూర్చున్నారు.

"మీ ఆయనకి ఈత బాగా వచ్చా?" అని అడిగింది ఆవిడ.

"సముద్రం ఒడ్డున పుట్టినోడికి ఈత రాకపోడం ఏటక్కా?"

"అవున్లే. అందరికీ వచ్చు," అంది ఆవిడ.

ఎండ నీళ్ల మీద పొడిపొడిగా రాలుతోంది. బోటు కెరటం మీద లేచింది, దిగింది, మళ్లీ లేచింది. నీలం నీలంలో కలిసిపోయి ఏది బోటో ఏది నీరో తెలియకుండా ఉంది. ఒళ్లో పిల్ల నిద్రపోయింది. పాట, కెరటం, ఇంజిను, మూడూ కలిసి ఎవరో జోల పాడుతున్నట్టుంది. లావణ్య కళ్లు బరువెక్కాయి. బోటు మీద ధనశ్రీ అని పిల్ల పేరు రాయించాలి. ఎర్ర రంగుతో. పెద్దయ్యాక అది మా ఊరి ఒడ్డున నిలబడి తన పేరు వచ్చేదాకా చూస్తుంది. పేరు నీళ్ల మీద తేలుతూ, తేలుతూ ఇంటికొస్తుంది...

జోలలో ఏదో తగ్గినట్టనిపించి కళ్లు తెరిచింది. పాట ఉంది. కెరటాల హోరు ఉంది. ఇంజిను చప్పుడు లేదు. దూరంగా నీలం ఒక్కటే ఉంది.

"ఏటక్కా, బోటు కనపడదేటి?" అంటూ పక్కకి తిరిగింది.

ఆవిడ మోకాళ్ల మీద ఉంది. కళ్లు మూసుకుని, చేతులు జోడించి ఏదో గొణుగుతోంది. ప్రార్థన చేస్తోంది, మా వదినలాగే, అనుకుని లావణ్య కాస్త ధైర్యం తెచ్చుకుంది. మాటలు వినపడేంత దగ్గరకి వంగింది.

"నూకాలమ్మ తల్లీ, ఈ బోటుతోటే నా బొట్టు తీసుకున్నావు. ఈ పిల్ల బొట్టయినా ఉంచమ్మా."