పదిహేడు ఎర్ర సున్నాలు

వంటింటి అరల్లో పరవడానికి ఆమె ఊరి పటాన్ని కత్తిరించబోతోంది.

మంచి దళసరి కాగితం. నూనె ఒలికినా కిందికి దిగదు. సర్వే ఆఫీసు వాళ్ళు పన్నెండేళ్ళకి మళ్ళీ పటం అచ్చువేసి, ఊళ్ళో ఆఫీసులన్నిటికీ తలా రెండు పంపారు. ఆమె పనిచేసే కొరియర్ ఆఫీసులో ఒకటి గోడకెక్కింది. రెండోది మేనేజరు ఆమె చేతిలో పెట్టి, "అందరి చేతుల్లో ఫోన్లుండగా ఇదెవరు చూస్తారమ్మా, పట్టుకుపో" అన్నాడు. ఆమె విప్పి కూడా చూడలేదు.

"ఆగవే అమ్మడూ!" నాన్న భూతద్దం పట్టుకుని లేచి వచ్చాడు. "ఒక్కసారి చదివి ఇచ్చేస్తాను."

"పటంలో చదవడానికేముంది నాన్నా?"

"అచ్చయిందంటే తప్పు ఉండి తీరుతుంది."

నాన్న ముప్పై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. అక్కడందరూ ఆయన్ని అచ్చుతప్పుల మాస్టారనేవారు. రిటైరయినా చెయ్యి ఊరుకోదు. టూత్‌పేస్టు డబ్బా అయినా సరే, మందు సీసా అయినా సరే, కామాలూ ఫుల్‌స్టాపులూ పలుకుతూ పైకి చదువుతాడు. తప్పు దొరికితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు.

"దొరికింది! గ్రంథాలయంలో 'థ'కి బదులు 'ధ' వేశారు చూడు!"

ఆమె మొహం తిప్పుకుంది. ఎర్ర సున్నా అంటే ఆమెకి ఇప్పటికీ గిట్టదు.

పదో తరగతిలో ఆమెకి భూగోళశాస్త్రమంటే పిచ్చి. పటాలు గీసే ఉద్యోగం తప్ప ఇంకోటి చెయ్యనని బల్ల గుద్ది చెప్పేది. "అయితే అచ్చు పటం వంక చూడకుండా ఊరంతా నడిచి నువ్వే గియ్యి, చూద్దాం" అంది టీచరమ్మ. నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం కాళ్ళరిగేలా తిరిగింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ సందు సందూ దూరి, కుక్కల చేత తరిమించుకుని మరీ గీసింది. సబ్బుల ఫ్యాక్టరీ గోడకీ కాలవకీ మధ్య ఒక్క మనిషి పట్టే దారిని కూడా వదల్లేదు. టీచరమ్మ ఆ పటాన్ని సర్వే ఆఫీసుకి పంపింది. ఈ పిల్ల మీకు పనికొస్తుందేమో చూడండి అని కూడా రాసింది.

మూడు వారాలకి పటం ఇంటికి తిరిగొచ్చింది. నాన్నే విప్పాడు. దాని నిండా ఎర్ర సున్నాలు. పైన పిన్ను పెట్టిన చీటీ: "పదిహేడు చోట్ల తేడాలున్నాయి. తండ్రిగారితో కలిసి ఒకసారి ఆఫీసుకు రాగలరు."

నాన్న మొహం వాడిపోయింది. భోజనాల బల్ల మీద పటం పరిచి, సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"మా ప్రెస్సులో పేజీకి మూడు దాటితే మొదట్నుంచీ మళ్ళీ కంపోజు చెయ్యమంటారు తల్లీ" అన్నాడు మెల్లగా. "ఇవి పదిహేడు."

"ఆఫీసుకి రమ్మన్నారుగా నాన్నా?"

"ఎందుకు, ఇద్దర్నీ నిలబెట్టి చీవాట్లు పెట్టడానికా? ఏ మొహం పెట్టుకుని వెళ్తాం? పోనీలే అమ్మడూ, ఇది మనకు అబ్బే విద్య కాదు."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదేమో. తల నిమిరాడు, అంతే. దాంతో ఆమె నీరుగారిపోయింది. ఆ సున్నాల్లో ఏమేం ఉన్నాయో చూసే ధైర్యం చాల్లేదు. పటాన్ని చుట్టచుట్టి బీరువా మీదికి విసిరేసింది. అది ఎప్పుడు పాత కాగితాల్లో కలిసిపోయిందో కూడా తెలీదు.

ఆ తర్వాత భూగోళం క్లాసులో వెనక బెంచీకి మారింది. టీచరమ్మ వరండాలో ఆపి, "ఆఫీసు వాళ్ళేమన్నారే?" అనడిగింది.

"ఏమీ అనలేదండీ. నాకే ఇష్టం పోయింది."

ముందు అది అబద్ధం. నెల తిరిగేసరికి నిజమైపోయింది. పర్వతాలూ నదులూ అన్నీ ఒకేలా కనిపించడం మొదలుపెట్టాయి. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. తర్వాత ఏదో చదివింది, ఏదో ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు పార్సిళ్ళు వీధులవారీగా విడదీస్తుంది. దారి దొరక్కపోతే డ్రైవర్లు ఆమెకే ఫోన్ చేస్తారు. కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. చివర్లో మాత్రం, "ఎందుకైనా మంచిది, అక్కడెవర్నైనా అడుగన్నా" అంటుంది. తన మాట మీద తనకే నమ్మకం లేదు. ముప్పై నిండకుండానే బతుకంతా చప్పబడిపోయింది. రేపటి గురించి ఆలోచించడం మానేసి చాలా కాలమైంది.

"అయిందా నాన్నా? సామానంతా నేల మీదుంది."

"ఉండవే. చీమ తలకాయంత అక్షరాలు వేసి చచ్చారు." నాన్న పటం కింది మూల మీద భూతద్దం ఆనించాడు. ఎర్ర పెన్ను మూత తీసి సిద్ధంగా పట్టుకున్నాడు.

ఈలోగా ఆమె పై అంచు నుంచి ఒక అరకి సరిపడా కత్తిరించేసింది. రెండో అరకి కొలత పెట్టి, మళ్ళీ కత్తెర ఆడించింది.

నాన్న అలవాటు ప్రకారం ఒక్కో మాటా వేలితో తడుముతూ పైకి చదివాడు: "మా పాత పటంలోని పదిహేడు తప్పులను, కామా, వీధి వీధీ నడిచి తన పటంతో పట్టి చూపిన పాఠశాల విద్యార్థినికి కృతజ్ఞతలు, ఫుల్‌స్టాప్."