టకటక తాతయ్య

డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పాడో లేదో, తలుపు మీద టకటకమని చప్పుడు.

ఎలక్ట్రీషియన్ పళ్ళు నూరుకుంటూ తలుపు తీశాడు.

ఎదురుగదిలో ఒంటరిగా ఉండే పెద్దాయన. రోజూ ఇదే వరస. ఆ అంతస్తులో అందరికీ ఆయన టకటక తాతయ్యే.

"ఏం కావాలండీ?"

"ఏం లేదు బాబూ, ఊరికే. తిన్నావా?"

"ఇంకా లేదు."

"తిను, తిను" అంటూ వెళ్ళబోయాడాయన.

ఎలక్ట్రీషియన్‌కి ఒళ్ళు మండింది.

"తాతగారూ, మీరు కొత్తగా వచ్చినట్టున్నారు. ఇది మన ఊరు కాదు. ఇక్కడ చెప్పాపెట్టకుండా తలుపు తట్టకూడదు. ముందు ఫోన్ చేయాలి. అదీ మర్యాద."

"అలాగా బాబూ" అన్నాడాయన, మొదటిసారి విన్నట్టు.

మర్నాటి నుంచి చప్పుడు లేదు.

నిజానికి వచ్చిన కొత్తలో అతనూ తలుపు బార్లా తీసి కూర్చునేవాడు, ఎవరైనా పలకరిస్తారేమోనని. ఒక్కరూ తొంగిచూడలేదు. ఏడుపొచ్చేది. తర్వాత తలుపు వేసుకోవడం నేర్చుకున్నాడు. పోనుపోను అదే గొప్పగా అనిపించసాగింది.

చలికాలంలో జ్వరం పట్టుకుంది. మంచం దిగబోయి కళ్ళు తిరిగి పడ్డాడు. లేవలేకపోయాడు. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు.

వరండాలో అడుగుల చప్పుడు. అతని తలుపు దగ్గరికొచ్చి ఆగింది.

'తట్టు తాతయ్యా, ఒక్కసారి తట్టు' అని లోలోపలే బతిమాలుకున్నాడు.

అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి.

ఫోన్ చేసి రమ్మన్నాడే కానీ, ఆయనకి తన నంబరే ఇవ్వలేదు. ఇంత పెద్ద భవనంలో ఉన్నావా, పోయావా అని అడిగే దిక్కు లేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి తాళం తీస్తున్న చప్పుడు వినిపించింది. బిల్డింగు చూసుకునే ఆవిడ కంగారుగా లోపలికొచ్చింది.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక, సంచి కూడా కింద పెట్టకుండా వెళ్ళి ఎదురుగది తలుపు తట్టాడు. ఎవరూ పలకలేదు.

"ఆయన ఖాళీ చేసేశారు. కూతురొచ్చి తీసుకెళ్ళింది" అంది అటుగా వచ్చిన బిల్డింగు ఆవిడ. "ఆ రోజు నా ప్రాణం తోడేశారనుకోండి. ఎలక్ట్రీషియన్ గదిలో లైటు వెలగట్లేదు, నేను తట్టకూడదట, నువ్వొచ్చి తాళం తియ్యమ్మా అని."

"పాపం, ఇక్కడి పద్ధతులు తెలియని మనిషి" అన్నాడతను.

"తెలియకపోవడమేంటి? ఈ బిల్డింగు కట్టకముందు నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నారు. మీకంటే ముందు మీ గదిలో ఉన్నది ఆయన సొంత తమ్ముడు. తమ్ముడు ఫోన్ ఎత్తకపోతే, పిలవకుండా తలుపు తట్టడం మర్యాద కాదని ఎదురుగదిలోనే కూర్చున్నారు. చివరికి మేం తాళం తీసేసరికి, ఆ తమ్ముడు పోయి ఎన్నాళ్ళయిందో!"